‘అలరించిన హరికథ’ అని మర్నాడు పేపర్లో చదవకుండా ఉండాలంటే

తెలుగు పేపర్లలో నాకు పడని మాట ఒకటుంది: ‘అలరించిన’. అలరించిన హరికథ, అలరించిన కూచిపూడి, ఆకట్టుకున్న పద్యనాటకం. ఆ మాట కనబడిందంటే సంగతి అర్థమైపోతుంది. నిన్న సాయంత్రం మనం ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఉండగా, నాలుగు వీధుల అవతల ఎవరో హరిదాసు చిడతలు పట్టుకుని రుక్మిణీ కల్యాణం చెప్పి వెళ్లిపోయాడు. ఫొటో మూలన ఖాళీ కుర్చీలు కూడా కనబడుతుంటాయి.

ఊళ్లో కార్యక్రమాలకేం కరువు లేదు. చాలావాటికి టికెట్టు కూడా ఉండదు, అసలు చిక్కు అదే. టికెట్టు లేదు కాబట్టి ప్రకటనకి డబ్బు పెట్టేవాడూ ఉండడు. సినిమా కబురు మన ఇంటికొచ్చి తలుపు కొడుతుంది. సభ కబురు మనమే వెతుక్కోవాలి. నేను కొన్నేళ్లుగా చేస్తున్న పద్ధతి చెబుతాను. రోజుకి పది నిమిషాలు చాలు, అదీ ఎలాగూ వార్తలు చదివే పది నిమిషాల్లోనే.

1. పేపరు జిల్లా ఎడిషన్ నుంచి మొదలుపెట్టండి

మెయిన్ పేపరు మొదటి పేజీలో ఢిల్లీ ఉంటుంది, అమెరికా ఉంటుంది, మీ ఊరి గానసభ ఉండదు. మీకు కావలసింది జిల్లా ఎడిషన్ లోపలి పేజీల్లో, చిన్న బాక్సులో ఉంటుంది. ‘నగరంలో నేడు’, ‘నేటి కార్యక్రమాలు’, ఇలా ఒక్కో పేపరు ఒక్కో పేరు పెట్టుకుంటుంది. సంస్థ పేరు, కార్యక్రమం, హాలు, టైము, అంతే. రెండు లైన్లు. కరెంటు కోత ప్రకటనకీ రక్తదాన శిబిరానికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ముందు అది చదివి, తర్వాతే మొదటి పేజీకి రండి.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. 1989లో ఈనాడు జిల్లాకో మినీ పత్రిక మొదలుపెట్టాక మిగతా పేపర్లూ అదే దారి పట్టాయి. దానివల్ల మన వీధి వార్త కూడా అచ్చులోకి వచ్చింది, మంచిదే. కానీ పక్క జిల్లా కబురు జిల్లా సరిహద్దు దగ్గరే ఆగిపోయింది. 2023 డిసెంబరులో నంది నాటకోత్సవాలు గుంటూరు శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో జరిగాయి. విజయవాడ నుంచి బస్సెక్కితే గంట, గంటన్నర ప్రయాణం. విజయవాడ ఎడిషన్ ఒక్కటే చదివేవాళ్లకి ఇలాంటివి కంటబడటం కష్టం. అందుకని మీ జిల్లాతో పాటు పక్క జిల్లా ఈ-పేపరు కూడా తెరిచి, ఆ ఒక్క బాక్సు చూసుకోండి. హైదరాబాద్‌లో ఉంటే సిటీ ఎడిషన్‌తో పాటు రంగారెడ్డి, మేడ్చల్ పేజీలు కూడా.

అన్ని పేపర్లూ అన్ని కార్యక్రమాలూ వేయవు. ప్రజానాట్యమండలి ప్రదర్శనలు, కవి సమ్మేళనాలు, పుస్తక పరిచయ సభలు కావాలంటే ప్రజాశక్తి, విశాలాంధ్ర, నవతెలంగాణ చూడాలి. గుళ్లో జరిగే భజనలు, ప్రవచనాలు, నృత్య ప్రదర్శనలు పెద్ద పేపర్ల భక్తి కాలమ్‌లో దొరుకుతాయి. ఇన్ని పేపర్లు ఎవరు కొంటారంటారా? కొనక్కర్లేదు. మీ శాఖా గ్రంథాలయంలో ఉదయాన్నే బల్ల మీద పరిచి ఉంటాయి. అక్కడికి రోజూ వచ్చే పెద్దాయన ఒకరు తప్పకుండా ఉంటారు. ఊళ్లో ఏ సభ ఎప్పుడో ఆయనకి తెలిసినంత ఏ పేపరుకీ తెలియదు. పరిచయం చేసుకోండి.

ఇక ‘అలరించిన’ వార్తల సంగతి. తిట్టుకున్నా సరే, పారేయకండి. వాటిని చదివే పద్ధతి వేరు. ఆఖరి పేరా చూడండి. ‘మూడు రోజుల పాటు జరిగే ఉత్సవాల్లో భాగంగా’ అని ఉండి, అది మొదటి రోజు వార్తైతే ఇంకా రెండు రోజులు మిగిలి ఉన్నాయన్నమాట. ‘27వ వార్షికోత్సవం’ అని ఉంటే వచ్చే ఏడాది ఇదే రోజుల్లో 28వది ఉండే అవకాశం ఎక్కువ. ‘ప్రతి నెలా రెండో శనివారం’ అని ఉంటే మీ పంట పండినట్టే. ఒక నోటుబుక్కు పెట్టుకుని సంస్థ పేరు, హాలు, తేదీ రాసుకోండి. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకమే మీ ఊరి కళల పంచాంగమవుతుంది.

2. కార్యక్రమాన్ని వెతకొద్దు, హాలుని పట్టుకోండి

కార్యక్రమాలు వస్తాయి, పోతాయి. హాలు ఎక్కడికీ పోదు. మీ ఊళ్లో సభలు జరిగే చోట్లు మహా అయితే అయిదారు ఉంటాయి. వాటి గేటు పక్కన నోటీసు బోర్డో ఫ్లెక్సీనో ఉంటుంది. అటు వెళ్లినప్పుడు స్కూటర్ ఆపి ఆ బోర్డుని ఫొటో తీసుకుంటే ఆ వారం అయిపోయినట్టే.

హైదరాబాద్‌లో మొదట చెప్పుకోవలసింది చిక్కడపల్లి త్యాగరాయ గానసభ. దాదాపు రోజూ ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. ఒక రోజు సినీ సంగీత విభావరి, మర్నాడు అవధానం (అడిగినవాళ్లకి అడిగినట్టు ఆశువుగా పద్యాలు చెప్పడం), ఆ మర్నాడు ఎవరి పుస్తకావిష్కరణో. గ్రీన్ లైన్‌లో చిక్కడపల్లి మెట్రో స్టేషన్ దగ్గర దిగితే చాలు. పెద్ద ప్రదర్శనలకి రవీంద్రభారతి. టాగూర్ శతజయంతి సందర్భంగా కట్టి 1961లో ప్రారంభించారు. లక్డీకాపూల్, అసెంబ్లీ స్టేషన్లు రెండూ దగ్గరే. అక్కడికి వెళ్లినవాళ్లు చాలామంది ప్రధాన హాలు చూసి వెనక్కి వస్తారు. అదే ప్రాంగణంలో పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ ఉంది, సాహిత్య సభలకి చిన్న హాళ్లూ ఉన్నాయి. ఒక్క సాయంత్రం అక్కడ మూడు సభలు కూడా నడుస్తుంటాయి. సాహిత్యం మీద ఆసక్తి ఉంటే తిలక్ రోడ్డులో సారస్వత పరిషత్తు, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. కొత్త తరం నాటకాలు, చర్చలు, డాక్యుమెంటరీలైతే బంజారాహిల్స్ లామకాన్. పిల్లలతో వెళ్లాలంటే మాదాపూర్ శిల్పారామం హాయి. గేటు దగ్గర చిన్న టికెట్టు ఉంటుంది, వారాంతం సాయంత్రాల్లో నృత్య ప్రదర్శనలు ఉంటాయి.

విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రం, ఘంటసాల సంగీత కళాశాల, సిద్ధార్థ ఆడిటోరియం. సంగీత కళాశాలని చాలామంది మరిచిపోతారు. విశాఖలో కళాభారతి, గురజాడ కళాక్షేత్రం. రాజమహేంద్రవరంలో ఆనం కళాకేంద్రం. కాకినాడలో సూర్యకళామందిరం. ఆ ఊరి సరస్వతీ గానసభకి వందేళ్లు ఎప్పుడో దాటాయి. తెనాలిలో రామకృష్ణ కవి కళాక్షేత్రం. హనుమకొండలో 2024 నవంబరులో తెరుచుకున్న కాళోజీ కళాక్షేత్రం. విజయనగరంలో ఆనందగజపతి ఆడిటోరియం. ఆ ఊళ్లోనే 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాల ఉంది, ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన కళాశాల. తిరుపతి వాళ్లది అదృష్టం. మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం ఉన్నాయి. కొండ మీదికి వెళ్తే సాయంత్రం నాదనీరాజనం వేదిక ఉంది.

ఇది మొత్తం జాబితా కాదు. మీ ఊళ్లో టౌన్ హాలో, రామాలయం మండపమో, రోటరీ హాలో ఉంటుంది. మీ జాబితా మీరే రాసుకోవాలి.

3. తిథులూ తేదీలూ రెండూ వేసుకోండి

మన కార్యక్రమాల్లో సగం పంచాంగం ప్రకారం నడుస్తాయి, సగం ఇంగ్లీషు తేదీల ప్రకారం. ఈ తేడా తెలియకపోతే ‘పోయినసారి జనవరిలో జరిగింది కదా’ అని ఫిబ్రవరిలో జరిగేదాన్ని పోగొట్టుకుంటారు.

తిథివి: పుష్య బహుళ పంచమి త్యాగరాజ ఆరాధన. తిరువయ్యూరులోనే కాదు, మన సంగీత కళాశాలల్లో, గానసభల్లో ఆ రోజు పొద్దున్నే ఆయన పంచరత్న కీర్తనలు పాడతారు. ఇది ఉదయం కార్యక్రమం, సాయంత్రం వెళ్తే ఏమీ ఉండదు. వైశాఖ పూర్ణిమ అన్నమయ్య జయంతి, ఫాల్గుణ బహుళ ద్వాదశి ఆయన వర్ధంతి. ఉగాదికి కవి సమ్మేళనం లేని ఊరుండదు. శ్రీరామనవమి పందిళ్లలో హరికథలు, పౌరాణిక నాటకాలు. దసరా తొమ్మిది రోజులూ గుళ్లలో నృత్యం, తెలంగాణలో బతుకమ్మ. విజయదశమి వెళ్లిన తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం.

తేదీవి: ఫిబ్రవరి 11, డిసెంబరు 4. ఒకటి ఘంటసాల వర్ధంతి, ఒకటి జయంతి. ఆ రెండు రోజులూ ప్రతి పట్నంలో ఎవరో ఒకరు ఆయన పద్యాలు అందుకుంటారు. ఏప్రిల్ 16 కందుకూరి జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం. ఏప్రిల్ 30 శ్రీశ్రీ జయంతి. ఆగస్టు 29 గిడుగు జయంతి, తెలుగు భాషా దినోత్సవం. సెప్టెంబరు 9 కాళోజీ, 21 గురజాడ, 28 జాషువా జయంతులు. సెప్టెంబరు నిండా సాహిత్య సభలే. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. ఈ రెండింటికీ పుస్తకాలు కొనడానికే వెళ్లక్కర్లేదు, సాయంత్రం వేదిక మీద పాటలూ మాటలూ ఉంటాయి.

నాటిక పోటీలకి వేరే సీజనుంది. సంక్రాంతి దాటిందంటే గుంటూరు, పల్నాడు, బాపట్ల, పశ్చిమగోదావరి ప్రాంతాల్లో కళాపరిషత్తులు వరసగా మొదలై ఎండాకాలం దాకా సాగుతాయి. ఒక ఊళ్లో ఆడిన నాటక సమాజాలే ఇంకో ఊళ్లో ఆడతాయి కాబట్టి ఇక్కడ తప్పిపోయిన నాటిక అక్కడ దొరకొచ్చు.

ఉగాది రాగానే కొత్త పంచాంగం ముందు పెట్టుకుని, పై తిథులకి తేదీలు వేసి ఫోన్ క్యాలెండర్‌లో పెట్టండి. వారం ముందు గుర్తుచేసేలా పెట్టాలి. ఆ రోజే మోగితే లాభం లేదు.

4. ఆహ్వాన పత్రికని చదవడం నేర్చుకోండి

ఇది అన్నిటికంటే ముఖ్యం. వాట్సాప్‌లో వచ్చే ఆహ్వాన పత్రికలో పైన దేవుడు, కింద పది గుండ్రటి ఫొటోలు, మధ్యలో ‘సా. 6 గం.లకు’ అని ఉంటుంది. కొత్తవాళ్లు ఆరుకి వెళ్తారు. ఆరుకి అక్కడ మైకు వాళ్లు మాత్రమే ఉంటారు.

ముందు ఫొటోలు లెక్కపెట్టండి. సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి. ఒక్కొక్కరికి పది నిమిషాలు వేసుకోండి. శాలువాలకీ జ్ఞాపికలకీ ఇరవై. రాజకీయ నాయకుడు ముఖ్య అతిథైతే ఆయన రాకకోసం ఇంకో అరగంట. తర్వాత ‘సభానంతరం’ అన్న మాట ఎక్కడుందో వెతకండి. ‘సభానంతరం కుమారి ఫలానా కూచిపూడి నృత్యం’ అని ఉంటే నృత్యం ఎనిమిదిన్నరకి ముందు మొదలవదు. అదే ‘సభకు పూర్వం 5.30కు’ అని ఉంటే నృత్యం చూసి, ప్రసంగాలు మొదలయ్యేసరికి మర్యాదగా లేచి రావచ్చు. నేను మొదట్లో ఒక ఆహ్వానంలో ఈ మాట చూసుకోకుండా పాట కోసం వెళ్లి, పాడబోయే ఆవిడ గురించి నలుగురు మాట్లాడింది విని, చివరి బస్సు పోతుందని పాట మొదలవకుండానే వచ్చేశాను.

ఈ లెక్క అన్నిటికీ వర్తించదు. శాస్త్రీయ సంగీత కచేరీలు చాలావరకు టైముకే మొదలవుతాయి. పరిషత్తు నాటికల్లో కూడా ఆలస్యం తక్కువే. ఒక్కో రాత్రి మూడో నాలుగో నాటికలుంటాయి, ఒక్కోటి గంట, మధ్యలో సెట్టు మార్పిడి, న్యాయనిర్ణేతలు కాగితాలు పట్టుకుని కూర్చుని ఉంటారు. మొదటి తెర ఆలస్యమైతే ఆఖరి సమాజం అర్ధరాత్రి దాటాక ఆడాల్సి వస్తుందని అందరికీ తెలుసు. వీటికి పదిహేను నిమిషాల ముందే ఉండండి.

ఆహ్వానంలో ‘సినీ సంగీత విభావరి’ అని ఉంటే కరోకే ట్రాకుల మీద పాడతారా, వాద్యబృందం ఉందా అని చూడండి. వాయించేవాళ్ల పేర్లు వేశారంటే బృందం ఉన్నట్టు. పేర్లు లేవంటే పెన్‌డ్రైవ్ ఉన్నట్టు. అదీ తప్పేం కాదు, మీరు ఏది వినాలని వెళ్తున్నారో తెలియాలి కదా. అవధానమైతే పృచ్ఛకుల (అవధానిని ప్రశ్నలడిగేవాళ్ల) పేర్ల పక్కన అంశాలు చూడండి: సమస్య (ఇచ్చిన పాదాన్ని పద్యంగా పూరించడం), దత్తపది (ఇచ్చిన పదాలతో పద్యం), నిషిద్ధాక్షరి (వద్దన్న అక్షరాలు లేకుండా పద్యం), వర్ణన. అప్రస్తుత ప్రసంగం, అంటే మధ్యమధ్యలో అవధాని దృష్టి మళ్లించే కబుర్లు, ఎవరు చేస్తున్నారో ముఖ్యంగా చూడండి. ఆ మనిషి చమత్కారి అయితే పద్యాలు అర్థం కాని పిల్లలు కూడా నవ్వుతూ కూర్చుంటారు.

ఇక ‘రంగప్రవేశం’ (నాట్యం నేర్చుకున్నవాళ్ల తొలి పూర్తి ప్రదర్శన) అని కనబడితే అది ఎవరి ఇంటి వేడుకో, మనం పిలవని పేరంటానికి వెళ్లినట్టవుతుందేమో అని వెనకాడకండి. హాల్లో పెట్టి, ఆహ్వానం అందరికీ పంచారంటే అందరూ రావాలనే. ఏళ్ల తరబడి నేర్చుకున్న అమ్మాయి రెండు గంటలకు పైగా ఒక్కతే నర్తించే రోజది. గురువుగారు నట్టువాంగం తాళాలు పట్టుకుని పక్కనే కూర్చుంటారు. ఖాళీ కుర్చీ నిండితే ఆ తల్లిదండ్రులకి సంతోషమే.

5. బయల్దేరేముందు వార్తలు చూడండి

కళ కళే, వార్త వార్తే అనుకుంటాం గానీ వార్త కదిలితే సభ కదులుతుంది.

సంతాప దినాలు మొదట చూడాలి. 2024 డిసెంబరు 26న మన్మోహన్ సింగ్ చనిపోయినప్పుడు వారం రోజులు సంతాపం ప్రకటించారు. ఏటా జనవరి 1న మొదలయ్యే నాంపల్లి నుమాయిష్ (ఎగ్జిబిషన్) 2025లో 3న మొదలైంది. ఇలాంటి వార్త రాగానే ప్రభుత్వం జరిపే సాంస్కృతిక కార్యక్రమాలు ఆగుతాయి. ప్రైవేటు సంస్థలు కొన్ని ఆపుతాయి, కొన్ని ఒక నిమిషం మౌనం పాటించి జరుపుతాయి. ఫోన్ చేసి కనుక్కోవాల్సిందే.

ఎన్నికల కోడ్ రెండోది. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, ఉగాది ఏప్రిల్ 9న పడింది. కోడ్ ఉన్నన్నాళ్లూ మంత్రుల చేతుల మీదుగా సత్కారాలు, ప్రభుత్వ ఉత్సవాలు వెనక్కి పోతాయి. ప్రేక్షకుడిగా చూస్తే దీనివల్ల ఒక మేలు కూడా ఉంది. అతిథుల వరస చిన్నదై పాట త్వరగా మొదలవుతుంది!

వానలు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడినప్పుడు సభలు జరుగుతాయా అని ఎవరూ అడగలేదు. కానీ మామూలు వానకి కూడా ఆరుబయట వేదిక అయితే కార్యక్రమం పక్కనున్న కల్యాణ మండపంలోకి మారుతుంది, ఆ సంగతి పేపర్లో రాదు. ఆహ్వానం కింద ఉన్న నంబరుకి మధ్యాహ్నం ఒకసారి ఫోన్ చేయండి. ‘ఉందండీ, తప్పక రండి’ అంటారు. మీరు ఫోన్ చేసినందుకే వాళ్లకి ఉత్సాహం వస్తుంది.

ట్రాఫిక్. రవీంద్రభారతి పక్కనే అసెంబ్లీ. సమావేశాలున్నప్పుడు, ధర్నాలున్నప్పుడు, గణేశ్ నిమజ్జనం రోజుల్లో ఆ రోడ్లు ఎటు మళ్లిస్తారో చెప్పలేం. పోలీసుల మళ్లింపుల ప్రకటన ముందురోజే పేపర్లో వస్తుంది. ఆ రోజుల్లో బండి వదిలేసి మెట్రో ఎక్కండి, తిరుగు ప్రయాణానికి చివరి రైలు టైము ముందే చూసుకోండి.

మైకు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధన. పండగలకీ సాంస్కృతిక ఉత్సవాలకీ ఏడాదిలో పదిహేను రోజులు మించకుండా రాత్రి పన్నెండు దాకా సడలించే వీలు రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. తలుపులు మూసిన ఆడిటోరియానికి ఈ పట్టింపు లేదు. అందుకే మైదానంలో పెట్టిన నాటకం పదింటికల్లా హడావుడిగా ముగుస్తుందేమో, హాల్లోది నింపాదిగా సాగుతుందేమో చూసుకుని ఎంచుకోండి.

ఇండియా క్రికెట్ ఫైనల్ ఉన్న రోజు వెళ్తే మొదటి వరసలో చోటు ఖాయం.

6. లోపలికి వెళ్లాక

ముందు రెండు వరసలు అతిథులకి వదిలేసి మూడో వరసలో కూర్చోండి. నాటకానికైతే ఇంకో రెండు వరసలు వెనక్కి, నటుల పాదాలు కూడా కనబడాలి. స్పీకరు ఎదురుగా మాత్రం వద్దు. మన హాళ్లలో మైకు వాళ్లకి చెవులు మన కంటే గట్టివి.

కచేరీలో ప్రధాన రాగం అయ్యాక మృదంగం వాళ్లకి వదిలేసే ఘట్టం ఉంటుంది, తని ఆవర్తనం. సరిగ్గా అప్పుడే సగం హాలు కాఫీకి లేస్తుంది. మీరు లేవకండి. గంటన్నరగా పక్కవాద్యంగా ఉన్న మనిషి తన విద్య చూపించే పది నిమిషాలవి. అవధానంలో ఆఖరున ధారణ ఉంటుంది. ముక్కలు ముక్కలుగా చెప్పిన పద్యాలన్నీ అవధాని వరసగా అప్పజెబుతాడు. అది వినకుండా వస్తే అవధానం చూసినట్టే కాదు. హరికథలో హారతి పళ్లెం వస్తే పదో వందో వేయండి. హరిదాసుకి సంస్థ ఇచ్చేది దారి ఖర్చులకి సరిపోతే గొప్ప. నాటిక నడుస్తుండగా ఫోన్‌లో వీడియో తీయకండి, చీకటి హాల్లో ఆ వెలుగు నటుడి కళ్లలోకే పోతుంది.

బయటికి వచ్చేటప్పుడు నిర్వాహకుణ్ణి పట్టుకుని ‘మీ వాట్సాప్ గ్రూపులో నా నంబరు చేర్చండి’ అనండి. ఇన్ని మెట్లూ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. ఇలా నాలుగు గ్రూపుల్లో చేరితే ఊళ్లో జరిగేవి సగం మీ ఫోన్‌కే వస్తాయి. గుడ్ మార్నింగ్ పూలు కూడా వస్తాయి, భరించాలి.

7. పేపరుకి ఎక్కని వాటి కోసం

హాళ్లలో జరిగేది ఒక భాగమే. చిత్తూరు వైపు ధర్మరాజుల గుళ్లలో ఎండాకాలం మహాభారత ఉత్సవాలు పెడతారు. పద్దెనిమిది రోజులు, పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం, ఆఖరున దుర్యోధన వధ. అర్జునుడి వేషగాడు తపస్సు మాను (పొడవాటి స్తంభం) ఎక్కే రోజు చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడే. డోలు వాయిస్తూ మల్లన్న కథ చెప్పే ఒగ్గుకథని దాని చోట వినాలంటే సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి మల్లన్న జాతరకి వెళ్లాలి, ఆదివారాలు రద్దీ ఎక్కువ. గోండుల గుస్సాడీ నృత్యం చూడాలంటే దీపావళి ముందు వాళ్ల దండారీ పండగ రోజుల్లో ఆదిలాబాద్ గోండు గూడేలకి. అది వాళ్ల పూజ, మన కోసం పెట్టిన ప్రదర్శన కాదు. ఊరి పెద్దని అడిగి, చెప్పిన చోట నిలబడి చూడాలి. తోలుబొమ్మలు చేసేవాళ్లని చూడాలంటే ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకి ఏ రోజైనా వెళ్లొచ్చు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటకాల వారసులు ఇప్పటికీ ఆడుతున్నారు. హైదరాబాద్ లింగంపల్లిలో వాళ్లకి కాలనీ ఉంది. వాళ్ల ప్రదర్శన ఎక్కడున్నా వదులుకోవద్దు. మంటలు, వాన, మాయం కావడాలు, అన్నీ మన కళ్ల ముందే తాళ్లూ కప్పీలతో చేస్తారు.

ఈ కబుర్లకి పేపరు పనికిరాదు. ఆ ఊళ్లో ఒక్క మనిషి తెలిసి ఉండాలి: గుడి పూజారో, స్కూల్ మాస్టారో, టీ కొట్టు యజమానో. తేదీ కూడా ఖచ్చితంగా చెప్పరు. ‘అమావాస్య వెళ్లిన ఆదివారం’ అంటారు. రాసుకోండి.

పైదేశాల్లో ఉన్నవాళ్లకి ఇంకో చిన్న మాట. అమెరికాలో తెలుగు సంఘాల పెద్ద సభలు రెండేళ్లకొకటి: బేసి సంవత్సరాల్లో తానా, సరి సంవత్సరాల్లో ఆటా. ఇండియా వచ్చినప్పుడు సెలవులు డిసెంబరు, జనవరిల్లో పడితే పైన చెప్పిన పుస్తక ప్రదర్శనలు, నుమాయిష్, త్యాగరాజ ఆరాధన చాలావరకు అప్పుడే కుదురుతాయి.

8. మీరే ఒక కబురు వేయండి

రెండు మూడు నెలలు తిరిగాక మీ అపార్ట్‌మెంట్లోనో బడిలోనో మీరే ఒక చిన్న కార్యక్రమం పెడతారు. అప్పుడు నేను పైన తిట్టిన తప్పులు చేయకండి. మీ ప్రాంత కంట్రిబ్యూటర్‌కి (పేపరుకి వార్తలు పంపే స్థానిక విలేకరికి) ముందురోజు మధ్యాహ్నంలోపు సమాచారం అందితే మర్నాటి బాక్సులో పడే అవకాశం ఉంటుంది. రాత్రి ఎనిమిదికి పంపితే ఎవరూ చూడరు. అతిథుల పట్టిక పంపొద్దు. ఇలా నాలుగు లైన్లు చాలు:

‘ఆదివారం సాయంత్రం 6కు హరికథ. కథ: భక్త ప్రహ్లాద. చోటు: రామాలయం మండపం, పాత బస్టాండ్ వెనక. ప్రసంగాలు లేవు, కథ సరిగ్గా 6.15కు మొదలు. అందరూ రావచ్చు, ప్రవేశం ఉచితం.’

‘ప్రసంగాలు లేవు’ అన్న మాట తప్పకుండా వేయండి. దానికే సగం మంది వస్తారు. మర్నాడు ‘అలరించిన’ అని ఎలాగూ రాస్తారు. ఆ వార్త కత్తిరించి నోటుబుక్కులో అంటించి, పక్కన తిథి రాసుకోండి. వచ్చే ఉగాదికి కొత్త పంచాంగం రాగానే తేదీ వేసుకోవచ్చు.